గలతా బ్రిడ్జి మీద పోస్టుకార్డు సైజు కాపీలు

ఇస్తాంబుల్లో నేను మొదట నేర్చుకున్న మాట "కొలాయ్ గెల్సిన్". పనిలో ఉన్న మనిషి ఎదురైతే అక్కడివాళ్ళు ఆ మాట అంటారు. నీ పని సులువుగా సాగాలి అని అర్థం. బూట్లు పాలిష్ చేసేవాడికీ, కొట్లో సామాను సర్దేవాడికీ, ఆఫీసులో కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చున్నవాడికీ అందరికీ అదే. మా ఆఫీసు ముందు రోడ్డు ఊడ్చే పెద్దాయనతో సెక్యూరిటీ అబ్బాయి పొద్దున్నే ఆ మాట అనడం నాలుగు రోజులు విని, అర్థం కనుక్కుని, చీటీ మీద తెలుగులో రాసి జేబులో పెట్టుకున్నాను. ఆ రెండు నెలల్లో నేను తీసిన మంచి ఫొటోల్లో సగం ఆ చీటీ పుణ్యమే.

2007 వసంతకాలం అది. కంపెనీ ప్రాజెక్టు పని మీద వెళ్ళాను. ఆఫీసు లెవెంట్ అనే చోట, అన్నీ అద్దాల బిల్డింగులు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఊపిరాడని టెన్షన్. శని, ఆదివారాలు మాత్రం నావి. కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న నికాన్ ఎఫ్ఎమ్10 కెమెరా, పన్నెండు రీళ్ళు వెంట తీసుకెళ్ళాను. పెద్ద సూట్‌కేసులో పెడితే ఎక్స్‌రేకి రీళ్ళు పాడవుతాయని నాన్న మరీ మరీ చెప్పడంతో వాటిని చేతిసంచిలోనే పెట్టుకుని, విమానంలో ఒళ్ళోనే ఉంచుకున్నాను. అప్పటికి డిజిటల్ కెమెరాలు బాగానే వచ్చేశాయి. కానీ స్టూడియో ఇంట్లో పుట్టి పెరిగినవాడికి రీలు తిప్పుతుంటే బొటనవేలికి తెలిసే ఆ బిగువు వదులుకోవడం అంత తేలిక కాదు.

చీరాలలో గడియార స్తంభానికి కాస్త దూరంలో ఉండేది నాన్న స్టూడియో. ముందు గది, వెనక కర్టెన్ కట్టిన లైటింగ్ గది, దాని వెనక డార్క్ రూమ్. ఫొటోలు కడిగే హైపో మందు వాసనే మా ఇంటి వాసన. ముందు గదిలో వీధి వైపు ఒక షోకేసు ఉండేది. బాగా వచ్చిన ఫొటోలు పెద్దవి చేయించి అందులో పెట్టేవాడు నాన్న. నాకు ఎనిమిదేళ్ళప్పుడు కాబోలు, ఒక ఆడపిల్ల పెళ్ళిచూపుల ఫొటో చాలా బాగా కుదిరిందని అందులో పెట్టాడు. వారం తిరక్కుండా ఆ పిల్ల తండ్రి వచ్చాడు. కేకలు వేయలేదు. షోకేసు ముందు నిలబడి, "బాబూ, మా పిల్లని దారిన పోయే ప్రతివాడూ ఆగి చూస్తున్నాడు" అన్నాడు, అంతే. నాన్న ముఖం ఎర్రబడిపోయింది. అప్పటికప్పుడు షోకేసులోంచి ఫొటో తీసి, అట్టతో సహా ఆయన చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి అడగకుండా ఎవరి ఫొటో షోకేసులో పెట్టలేదు. "ఫొటో తీసినవాడిది కాదురా, తీయించుకున్నవాళ్ళది. మనం డబ్బులు తీసుకున్నాం, కాపీ ఇచ్చాం, అంతవరకే" అనేవాడు.

ఆ మాట నాతో ఇస్తాంబుల్ దాకా వచ్చింది.

మొదటి వారం అందరూ తీసేవే నేనూ తీశాను. అయా సోఫియా, ఆరు మినార్ల నీలి మసీదు, తోప్‌కాపీ కోట. రెండు రీళ్ళు అయిపోయాయి. కడిగించి చూస్తే ఒక్కటీ నాది కాదు. ఏ కొట్లోనైనా దొరికే పోస్టుకార్డులు అంతకంటే బాగున్నాయి. రెండో శనివారం ఎమినోను దగ్గర ట్రామ్ దిగి, ఎటు వెళ్ళాలో తెలియక గలతా బ్రిడ్జి ఎక్కాను. ఆ తర్వాత ఆ బ్రిడ్జిని వదల్లేదు.

బ్రిడ్జికి ఒక పక్క ఎమినోను, ఇంకో పక్క కరాకోయ్, కింద గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ. 1912లో కట్టిన పాత బ్రిడ్జి 1992లో తగలబడిందట. ఇప్పుడున్నది 1994లో పూర్తయింది. పైన ట్రామూ, కార్లూ, నడిచేవాళ్ళూ. కింది అంతస్తులో హోటళ్ళు. పైన రెయిలింగ్ పొడుగునా మనుషులు గాలాలు వేసుకుని నిలబడి ఉంటారు. పొద్దున ఆరుకి వెళ్ళినా ఉంటారు, రాత్రి పదికి వెళ్ళినా ఉంటారు. కింద హోటల్లో కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందు నుంచి వందలాది గాలపు దారాలు నీళ్ళలోకి దిగుతుంటాయి. ఒక్కోసారి చేప గిలగిల కొట్టుకుంటూ వాళ్ళ టేబుల్ ఎదురుగానే పైకి వెళ్ళిపోతుంది.

నేను చీరాలవాణ్ణి, వాడరేవులో వలలు లాగడం చూస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ చేపలు పట్టడం అంటే కుటుంబం మొత్తం ఒడ్డున చేరడం. ఇక్కడ ఎవరి గాలం వాళ్ళది, ఎవరి బకెట్ వాళ్ళది. రిటైరైన ముసలివాళ్ళు, పని లేని కుర్రాళ్ళు, ఆఫీసు అయ్యాక టై విప్పి జేబులో కుక్కుకుని వచ్చినవాళ్ళు కూడా. ఒకే దారానికి వరసగా నాలుగైదు కొక్కేలు, ఒక్కో కొక్కేనికి చిన్న ఈక. దాన్ని "చాపరీ" అంటారు. ఎర ఉండదు, ఆ ఈకల తళుకు చూసే చేపలు వచ్చి తగులుకుంటాయి. ఎక్కువగా పడేవి ఇస్తావ్రిత్ అనే చేపలు, జానెడు కూడా ఉండవు, వెండి రంగు, ఒంటి పక్కన గరుకుగా ఒక గీత. పెరుగు అమ్మే ప్లాస్టిక్ డబ్బాల్లో సముద్రపు నీళ్ళు పోసి వాటిని అందులో వదులుతారు.

ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, ఉన్ని టోపీ, చేతుల్లేని స్వెట్టర్. దారానికి పడ్డ చిక్కు విప్పుకుంటున్నాడు. చూపు ఆనక దారాన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి చూస్తున్నాడు. ఆ వేళ్ళు చూడగానే నాకు నాన్న గుర్తొచ్చాడు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేటప్పుడు ఆయనా అచ్చం అలాగే వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు. చీటీ చూడకుండానే "కొలాయ్ గెల్సిన్, ఆమ్‌జా" అన్నాను. ఆమ్‌జా అంటే బాబాయి. తల తిప్పి నన్ను పైనుంచి కిందికి చూసి, "హిందిస్తాన్?" అన్నాడు. అవునన్నాను. కెమెరా చూపించి తలూపాను. సరేనని మళ్ళీ చిక్కులో మునిగిపోయాడు. మూడు ఫ్రేములు తీశాను.

అక్కడ నాకు చాలా నచ్చిన సంగతి ఈ వరసలే. ముక్కూ ముఖం తెలియని మనిషిని కూడా వరస పెట్టి పిలుస్తారు. కొంచెం పెద్దవాడైతే ఆబీ అంటే అన్నయ్య. ఆడవాళ్ళయితే ఆబ్లా అంటే అక్కయ్య, పెద్దావిడైతే తేయ్‌జే అంటే పిన్ని. బస్సులో, కొట్లో, రోడ్డు మీద అంతా అదే. మన దగ్గర "అన్నా, ఆ రోడ్డు ఎటు పోతది" అని అడగమూ? భాష రాకపోయినా ఆ పిలుపు వస్తే చాలు, ముఖాలు విప్పారేవి.

మాటలు కూడా ఎక్కడెక్కడో మనవాటిని తాకేవి. తహ్తకలే సందుల్లో సామాన్లు మోసే వాళ్ళుంటారు, వీపుకి మెత్తలాంటిది కట్టుకుని దాని మీద ఫ్రిజ్జంత బరువు మోస్తారు. వెనక నుంచి ఎవరో "హమాల్" అని పిలిస్తే నేను చటుక్కున వెనక్కి తిరిగాను. చీరాల స్టేషన్లో హమాలీలని పిలిచినట్టే వినిపించింది. కొట్టు దుక్కాన్, మనకి దుకాణం. సబ్బు సాబూన్. జేబు జెప్. చక్కెర షెకెర్. టీ చాయ్. ఈ ఆరు మాటలతో, వేలితో చూపించడంతో నేను రెండు నెలలు బతికేశాను.

ఆ సాయంత్రమే సిర్కెజీ వెళ్ళాను. ఎమినోనుకి పక్కనే. ఆ వీధుల్లో కెమెరా షాపులూ, పాత లెన్సులు అమ్మేవాళ్ళూ, ల్యాబులూ పక్కపక్కనే ఉంటాయి. ఒక చిన్న ల్యాబులో రీలు ఇచ్చాను. కౌంటర్లో ఉన్నాయన డబ్బు లక్షల్లో, మిలియన్లలో చెప్పేసరికి గుండె ఆగినంత పనైంది. తర్వాత తెలిసింది. 2005 జనవరిలో వాళ్ళ లీరాకి ఆరు సున్నాలు తీసేశారు. పాత పది లక్షల లీరాలు కొత్త ఒక లీరా. పెద్దవాళ్ళు ఇంకా పాత లెక్కే చెబుతున్నారు. మా అమ్మమ్మ చనిపోయేదాకా అణాల్లో లెక్క చెప్పడం గుర్తొచ్చింది. ప్రింట్లు పోస్టుకార్డు సైజులో వేయించాను. ఆమ్‌జా ఫొటోకి మాత్రం రెండు కాపీలు.

ఆదివారం పొద్దున్నే వెళ్తే అదే చోట, అదే టోపీ. ప్రింట్ చేతికివ్వబోతే ఆగమన్నాడు. గాలం రెయిలింగ్‌కి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, అదీ చాలదనుకున్నాడేమో జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. అప్పుడు ప్రింట్‌ని అంచులతో పట్టుకున్నాడు, మధ్యలో వేలు పడకుండా. ఎవరు నేర్పారో! చాలాసేపు చూశాడు. పక్కవాణ్ణి పిలిచి చూపించాడు. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. ఐదు నిమిషాల్లో నా చుట్టూ పదిమంది. ఆమ్‌జా టోపీ తీసి, ఫొటో లోపల పెట్టి, టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత డబ్బాలోంచి చేపలు తీసి ఒక ప్లాస్టిక్ కవర్లో పోసి నా చేతికిచ్చాడు. వద్దంటే ఊరుకోలేదు.

ఆ చేపలతో ట్రామూ మెట్రో ఎక్కి ఇంటికి వచ్చాను. మా రూమ్మేట్ వరంగల్ అబ్బాయి తలుపు తీయగానే, "అన్నా, గీ చాపలు యాడికెల్లి తెచ్చినవే?" అన్నాడు. ఇద్దరం కలిసి కడిగి, అమ్మ కట్టిచ్చిన కారం, పసుపు, ఉప్పు పట్టించి వేయించాం. పదిహేను చేపలు. ముళ్ళు తీసుకోకుండానే నమిలేయొచ్చు, అంత లేతవి. అపార్ట్‌మెంట్ అంతా వాసన. పై ఫ్లోర్ తేయ్‌జే వచ్చి, కోప్పడుతుందేమో అనుకుంటే, ఒకటి రుచి చూసి కారానికి కళ్ళ నీళ్ళు పెట్టుకుని మరీ ఇంకోటి అడిగింది.

ఆ తర్వాత ప్రతి వారం ఇదే పని. శనివారం తీయడం, సిర్కెజీలో కడిగించడం, ఆదివారం కాపీలు పంచడం. బ్రిడ్జి మీద సిమిత్ అమ్మే అబ్బాయి, నువ్వులద్దిన ఆ గుండ్రటి రొట్టెల్ని కర్రకి దండలా గుచ్చి నిలబెట్టుకునేవాడు. థర్మాస్‌తో టీ పోసే ఆయన. మసీదు మెట్ల దగ్గర పావురాలకి గింజలు అమ్మే ముసలావిడ. అవతలి ఒడ్డున ఉన్న కడికోయ్‌కి వెళ్ళే ఫెర్రీలో సన్న నడుం గాజు గ్లాసుల్లో టీ తెచ్చే కుర్రాడు, పడవ ఎంత ఊగినా పళ్ళెంలో చుక్క ఒలికేది కాదు. గ్లాసుకి రెండు చక్కెర బిళ్ళలు. ఇరవై నిమిషాల ప్రయాణంలో వాడు పై అంతస్తూ కింది అంతస్తూ ఎన్నిసార్లు తిరిగేవాడో!

కాపీలు ఇవ్వడం వల్ల ఒకటి జరిగింది. మూడో వారానికి నన్ను చూడగానే బ్రిడ్జి మీద జనం జుట్టు దువ్వుకోవడం మొదలుపెట్టారు. గాలం పక్కన పెట్టి, కోటు గుండీలు పెట్టుకుని, ఛాతీ విరిచి నిలబడేవారు. వీధి ఫొటోగ్రఫీ తెలిసినవాళ్ళు ఇది చూస్తే పెదవి విరుస్తారు. మనిషికి తెలియకుండా తీస్తేనే సహజంగా ఉంటుందని వాళ్ళ వాదన. నాకు మాత్రం ఆ నిలబడ్డ ఫొటోలంటేనే ప్రాణం. తనను తాను ఎలా చూపించుకోవాలనుకుంటాడో అది కూడా ఆ మనిషి జీవితంలో భాగమే కదా. చీరాల స్టూడియోలో కర్టెన్ ముందు నిలబడ్డ రైతులూ, మగ్గం నేసేవాళ్ళూ అలాగే నిలబడేవారు. నాన్న "నవ్వండి" అని ఎవరితోనూ అనేవాడు కాదు.

ఆ ఊరిని జీవితమంతా తీసినాయన ఒకరున్నారు, ఆరా గ్యులేర్. 1928లో అక్కడే పుట్టి 2018లో అక్కడే పోయారు. జాలర్లు, పడవ కార్మికులు, మంచులో ట్రాములు, సందుల్లో పిల్లలు. తనని కళాకారుడనవద్దు, ప్రెస్ ఫొటోగ్రాఫర్ననే అనమని పట్టుబట్టేవారు. బెయోగ్లులో గలతసరాయ్ దగ్గర సందులో ఆయన పేరుతో ఒక కేఫ్ ఉంది, గోడల నిండా ఆయన తీసిన ఫొటోలే. ఆయన అక్కడికి వచ్చి కూర్చుంటారని విని రెండుసార్లు వెళ్ళాను. దొరకలేదు. టీ తాగి, ఆ గోడలు చూసి వచ్చాను. ఆ నలుపు తెలుపు ఫొటోల్లోని జాలరిని చూస్తే మా ఆమ్‌జాకి తాతలా ఉన్నాడు, చేతుల తీరు అదే.

అక్కడే అర్థమైంది నాకు, రోజూ కనిపించేదే ముందుగా మాయమవుతుందని. కడికోయ్ పక్కనే హైదర్‌పాషా రైల్వే స్టేషన్. నీళ్ళ ఒడ్డున కోటలా ఉంటుంది, జర్మన్లు కట్టారు. నేను వెళ్ళినప్పుడు తూర్పు ఊళ్ళకి వెళ్ళే రైళ్ళన్నీ అక్కణ్ణుంచే. ప్లాట్‌ఫారం మీద మూటలు, పెట్టెలు, కొడుకుని సాగనంపుతూ కిటికీలోంచి సంచులు అందించే తల్లులు. కిటికీ కడ్డీలు లేవు గానీ మిగతా అంతా మన స్టేషనే. ఒక రీలంతా అక్కడ ఖర్చు పెట్టాను. 2010 నవంబరులో ఆ స్టేషన్ పైకప్పు తగలబడింది. 2013లో రైళ్ళు ఆగిపోయాయి. మామూలు ఆదివారం మధ్యాహ్నం అనుకుని తీసిన ఫొటోలు ఇవాళ చూస్తే గుండె పట్టేసినట్టవుతుంది.

ఇక బలాత్ సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

బలాత్ పాతబస్తీ. ఎత్తుపల్లాల సందులు, ఇరుకైన పాత ఇళ్ళు, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వీధి మీదుగా కట్టిన తాళ్ళ మీద ఉతికిన బట్టలు. అక్కడ పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళు సరుకుల కోసం దిగిరారు. తాడుకి బుట్ట కట్టి కిటికీలోంచి వదులుతారు. కింద కొట్టు కుర్రాడు రొట్టె, పాల ప్యాకెట్ అందులో పెడితే పైకి లాక్కుంటారు. నేను చూసేసరికి మూడో అంతస్తు కిటికీలోంచి ఒకావిడ బుట్ట లాక్కుంటోంది. అటు ఇటు బట్టలు, మధ్యలో వేలాడే బుట్ట, అందులోంచి బయటికి కనిపిస్తున్న రొట్టె. అంతకంటే మంచి ఫ్రేము దొరకదు. ఆవిడ నన్ను చూసింది. కెమెరా పైకెత్తి, తీయనా అన్నట్టు చూపించాను. ఆవిడ కనుబొమలు పైకెత్తి, గడ్డం కొంచెం ఎత్తింది.

మన దగ్గర అలా చేస్తే "ఏంటి?" అని అడగడం. నేను నవ్వి, కెమెరా మళ్ళీ చూపించాను. ఆవిడ మళ్ళీ అలాగే చేసింది. అడుగుతోంది, కాదనడం లేదు అనుకున్నాను. నొక్కేశాను.

బుట్ట సగంలో ఆగిపోయింది. ఆవిడ ఏదో గట్టిగా అని, తాడు కిటికీకి కట్టేసి, తలుపులు మూసేసింది. కొట్టు ఆబీ బయటికి వచ్చాడు. కోపంగా లేడు. నా ఎదురుగా నిలబడి, చిన్నపిల్లాడికి నేర్పినట్టు కనుబొమలు ఎత్తి, గడ్డం ఎత్తి, నాలుకతో "త్చ్" అని, "యోక్" అన్నాడు. యోక్ అంటే వద్దు, లేదు. వాళ్ళకి తల ఊపక్కర్లేదు, ఆ కనుబొమలు చాలు. మూడో అంతస్తు నుంచి ఆ "త్చ్" నాకు వినిపించలేదు. కిటికీ వైపు చూస్తూ గుండె మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాను. తలుపులు తెరుచుకోలేదు. బుట్ట గాల్లోనే ఉంది. నేను అక్కడుంటే ఆవిడ దాన్ని లాక్కోదని తోచి, సందు దిగి వెళ్ళిపోయాను.

డిజిటల్ అయితే అక్కడే చెరిపేసి చూపించేవాణ్ణి. రీల్లో చెరపడం ఉండదు. ఆ రాత్రి ఫోన్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. అమ్మతో మాట్లాడాక నాన్నకి ఇమ్మని అడిగి, జరిగింది చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఎన్నో ఫ్రేము?" అన్నాడు.

"ఇరవై మూడు."

"ఇరవై మూడు ప్రింట్ వెయ్యొద్దని ల్యాబువాడికి చెప్పు. నెగెటివ్ కత్తిరించకు, పక్కవి పాడవుతాయి. దాచెయ్."

సిర్కెజీ ల్యాబులో చీటీ మీద 23 అని రాసి, దాని మీద అడ్డంగా గీత గీసి చూపించాను. కౌంటర్ ఆయన నన్ను ఒకసారి చూసి, కవర్ మీద అలాగే రాసి, అలాగే కొట్టేశాడు. ఎందుకని అడగలేదు.

2019లో ఇంకెక్కడికో వెళ్తూ ఇస్తాంబుల్లో ఒక రోజు ఆగాను. బ్రిడ్జి మీద గాలాలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఫోన్లో తీస్తే వెంటనే చూస్తారు, నచ్చకపోతే తీసేయమంటారు, నచ్చితే వాట్సాప్ నంబర్ ఇస్తారు. నిమిషంలో కాపీ చేరిపోతుంది. నాన్న ఉంటే ఈ ఏర్పాటు బాగా నచ్చేది. ఆయన 2015లో పోయారు, స్టూడియో అంతకు నాలుగేళ్ళ ముందే మూసేశాం. ఆ ఒక్క రోజులో ఉన్ని టోపీ ఎక్కడా కనిపించలేదు.

పోయిన నెల ఆ పన్నెండు రీళ్ళూ స్కాన్ చేయడం మొదలుపెట్టాను. నాలుగేసి ఫ్రేముల ముక్కలు, ఒక్కో దాని మీద నాన్న చేతిరాతతో తారీకులు, నేను తిరిగొచ్చాక ఆయనే కూర్చుని కవర్లలో సర్దాడు. తొమ్మిదో రీలు, ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు. ఆ ముక్క ఉన్న కవర్ మీద చిన్న అంకెలతో 23 అని రాసి, దాని మీద గీత కొట్టి ఉంది. ల్యాబువాడు రాసినట్టే. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను. ఆకాశం నల్లగా, తాళ్ళ మీద బట్టలు నల్లగా, మధ్యలో బుట్ట వేలాడుతోంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై నాలుగు స్కాన్ చేసి, ముక్కని మళ్ళీ కవర్లో పెట్టేశాను.